ఊహ

తెలుగులో ఎవరు తమ చిన్నతనం గురించి చెప్పినా మొదట వచ్చే మాట “నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ”. ఈ మాటలో ఊహ అంటే కల్పన కాదు, అంచనా కాదు, పగటికల అసలే కాదు. పుట్టిన బిడ్డకు చూపు ఉంటుంది, వినికిడి ఉంటుంది, ఏడుపూ నవ్వూ ఉంటాయి. ఊహ మాత్రం ఉండదు. అమ్మ చీర మార్చుకుంటే ఎక్కడికో బయల్దేరుతోందని, గేటు చప్పుడైతే నాన్న వచ్చాడని, పెద్దవాళ్లు గొంతు తగ్గించారంటే తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని అందుకోవడం మొదలైన రోజున “పిల్లకు ఊహ వచ్చింది” అంటారు. “ఊహ తెలియని వయసులోనే తల్లి పోయింది” అన్నప్పుడు, పోయిందన్న సంగతిని మిగిలిన జీవితంతో ముడివేసుకోగల బుద్ధి ఆ బిడ్డకు ఇంకా ఏర్పడలేదని అర్థం. రెండక్షరాల మాట ఇంత బరువు మోస్తోంది.

ఇదే మాట పరీక్ష హాలు గుమ్మం దగ్గర మరో అర్థంలో వినిపిస్తుంది. కోరుకొండ, కలికిరి వంటి సైనిక్ స్కూళ్లలో ఆరో తరగతిలో చేరాలంటే దేశమంతటికీ కలిపి పెట్టే ప్రవేశపరీక్ష రాయాలి. రాసేది 10 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలు. తెలుగులోనూ రాయవచ్చు. 150 నిమిషాల్లో 125 ప్రశ్నలు, 300 మార్కులు. అందులో ‘ఇంటెలిజెన్స్’ అనే విభాగానికి 25 ప్రశ్నలు, 50 మార్కులు. పోలిక పరీక్ష, భిన్నమైనదాన్ని గుర్తించడం, శ్రేణులు, కోడింగ్, తార్కిక ప్రశ్నలు ఇందులోకి వస్తాయి. మాటలతో సాగే ఈ ప్రశ్నలనే కోచింగ్ సెంటర్లలో ‘వెర్బల్ రీజనింగ్’ అంటారు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. అందుకే లోపలికి పంపే ముందు పెద్దలు పిల్లల చెవిలో చెప్పే చివరి మాట ఇలా ఉంటుంది: “ఏదీ వదిలిపెట్టకు నాన్నా, రాకపోతే ఊహించి బబుల్ నింపేసెయ్.” ఇక్కడ ఊహించడం అంటే నాలుగింట్లో ఒకదాని మీద గుడ్డిగా వేలు పెట్టడం. ఆ 25 ప్రశ్నలు పరీక్షించేది మాత్రం మొదటి అర్థంలోని ఊహనే. ఒకే మాట ఆ శక్తికీ పేరైంది, ఆ శక్తి లేనప్పుడు చేసే పనికీ పేరైంది. ఇది ఎలా జరిగిందో తెలుసుకుంటే పిల్లల చేత ఈ అభ్యాసం ఎలా చేయించాలో కూడా తెలుస్తుందని నాకు గట్టి నమ్మకం.

ముందు నిఘంటువు దగ్గరికి వెళదాం. అమరకోశం ధీవర్గంలో అధ్యాహారం, తర్కం, ఊహ అనే మూడింటినీ ఒక్కచోట పర్యాయపదాలుగా కూర్చాడు అమరసింహుడు. సంశయానికి సంబంధించిన మాటలు ఆ తర్వాతే మొదలవుతాయి. అంటే ఆయన లెక్కలో ఊహ సందేహాల కోవలోది కాదు, తర్కానికి తోబుట్టువు. గౌతముడి న్యాయసూత్రాలు ఇంకో అడుగు ముందుకు వేసి తర్కాన్ని నిర్వచించడానికే ఊహ అన్న మాటను వాడుకున్నాయి. అసలు సంగతి ఇంకా తేలని విషయంలో, కారణాల బలం చూసుకుంటూ, నిజం తెలుసుకోవడానికి చేసే ఊహ తర్కం అని ఆ సూత్రం సారాంశం. కారణాల బలం అన్న షరతు తీసేస్తే అక్కడ తర్కమూ లేదు, ఊహా లేదు.

ధాతువు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ధాతుపాఠంలో ‘ఊహ’ ధాతువుకు వితర్కం అని అర్థం. అయితే సంస్కృతంలో ఇదే రూపంతో తొయ్యడం, జరపడం, చోటు మార్చడం అనే అర్థాలూ కనిపిస్తాయి. ఆధునిక నిఘంటుకారులు దీన్ని రెండు ధాతువులుగా విడదీస్తారు. విడదీసినా కలిపినా, మనం రోజూ వాడే కొన్ని మాటలు ఈ జరపడం నుంచే వచ్చాయి. చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఒకచోటికి జరిపితే సమూహం. విడదీసి ఎవరి చోట వాళ్లను నిలిపితే వ్యూహం. పక్కకు తొలగిస్తే అపోహ. ఎదురు తోసి అడ్డుపడితే ప్రత్యూహం. పాత కావ్యాల్లో విఘ్నానికి ఈ మాట వాడతారు. ఉపసర్గ ఏదీ లేకుండా మిగిలినది ఊహ. రీజనింగ్ పుస్తకం తెరిచి విషయసూచిక చూడండి. వర్గీకరణ అంటే సమూహం, కూర్చునే వరసల లెక్కలు అంటే వ్యూహం, భిన్నమైనదాన్ని తీసేయడం అంటే అపోహ, పోలిక అంటే ఊహ. ఒక్క ధాతురూపం నీడలో సగం సిలబస్ ఉంది.

పోలికను ఊహ అనడం నా చమత్కారం కాదు. ఆ మాటకు శాస్త్రంలో ఉన్న ప్రధానమైన అర్థం అదే. వ్యాకరణం ఎందుకు చదవాలి అనే ప్రశ్న పతంజలి మహాభాష్యం ఆరంభంలోనే వస్తుంది. ఆయన చెప్పిన అయిదు ప్రయోజనాలు రక్ష, ఊహ, ఆగమం, లఘువు, అసందేహం. రెండోదాన్ని ఆయన వివరించిన తీరు ఇది: వేదంలో మంత్రాలు అన్ని లింగాల్లో, అన్ని విభక్తుల్లో చదివి లేవు. యజ్ఞం చేసేవాడు సందర్భానికి తగ్గట్టు వాటిని మార్చుకోవాలి. వ్యాకరణం రానివాడికి ఆ మార్పు చేతకాదు. మీమాంసకులకు ఇది ఎంత పెద్ద విషయమంటే, జైమిని సూత్రాల్లో తొమ్మిదో అధ్యాయం ఊహ గురించే. ఒక మూలయాగంలో హవిస్సు అగ్నికి. దాని నమూనాలోనే చేసే ఇంకో యాగంలో హవిస్సు సూర్యుడికి. మంత్రం మొదటి యాగానికే ఉంది. రెండోదానిలో ‘అగ్నయే’ అన్నచోట ‘సూర్యాయ’ అని మార్చి చదవాలి. వడ్లకు బదులు నివ్వరి ధాన్యం వాడితే మంత్రంలో వడ్ల పేరున్న చోట నివ్వరి పేరు రావాలి, అదీ అదే బహువచనంలో, అదే షష్ఠీవిభక్తిలో. పేరు మారుతుంది, పేరుకూ వాక్యానికీ ఉన్న సంబంధం మారకూడదు. ఈ పనికే వాళ్లు ఊహ అని పేరు పెట్టారు.

అగ్నికి ‘అగ్నయే’ ఎలాగో సూర్యుడికి ఏది అలాగ? ఇది అచ్చంగా పోలిక పరీక్ష ప్రశ్న. రెండు వేల ఏళ్లకు పైబడిన ప్రశ్న. ఊహించిన మాట వేదంలో చదివినది కాదు గనుక దానికి మంత్రత్వం లేదని కూడా మీమాంసకులు తేల్చి చెప్పారు. నాకు ఈ తీర్పు ఎంతో ఇష్టం. ఊహించినది మనిషి బుద్ధి చేసిన పని అని, దాని బాధ్యత మనిషిదే అని అందులో ఉంది.

ఇప్పుడు పిల్లల చేతిలోని ప్రశ్నకు వద్దాం. పనసకు తొన ఎలాగో వెల్లుల్లికి ఏది అలాగ? రెబ్బ. అరటికి గెల ఎలాగో ద్రాక్షకు? గుత్తి. గుర్రానికి సకిలింపు ఎలాగో ఏనుగుకు? ఘీంకారం. పత్తికి ఏరడం ఎలాగో వరికి? కోయడం. జవాబు నోటికి రావడం ఒక ఎత్తు, సంబంధాన్ని ఒక వాక్యంగా చెప్పగలగడం ఇంకో ఎత్తు. “పనసపండు లోపల విడివిడిగా ఊడివచ్చే భాగం తొన” అని పిల్ల పైకి చెప్పగలిగితే, ఆ వాక్యంలో పనస తీసి వెల్లుల్లి పెడితే చాలు. మంత్రంలో అగ్నిని తీసి సూర్యుడిని పెట్టినట్టే. వాక్యం సరిగా కుదరకపోతే జవాబూ కుదరదు. “పనసలో తొన ఉంటుంది” అని వదులుగా చెప్పిన పిల్లకు, వెల్లుల్లిలో ఉండే పొట్టు కూడా సరైన జవాబులాగే కనిపిస్తుంది. వాక్యం బిగువుగా ఉన్నకొద్దీ తప్పు జవాబులు వాటంతట అవే రాలిపోతాయి. అందుకే నాలుగు ఐచ్ఛికాలను మూసి పెట్టి, ముందు సంబంధాన్ని వాక్యంగా చెప్పించడం కంటే మంచి అభ్యాసం నాకు తెలియదు. పేపర్లకు పేపర్లు చేయించి మార్కులు లెక్కపెట్టే చోట ఈ వాక్యం ఎవరూ అడగరు.

పై ప్రశ్నల్లో కొన్ని ఇంగ్లిషులోకి సరిగా వెళ్లవని గమనించండి. ఇంగ్లిషు ప్రశ్నలు కూడా తెలుగులోకి అంత సులువుగా రావు. ఆవు పిల్లకు, గుర్రం పిల్లకు, గొర్రె పిల్లకు ఇంగ్లిషులో తలా ఒక పేరు ఉంది. వాటి మీద ఎన్నో ప్రశ్నలు కట్టారు. తెలుగులో ఆవు దూడ వేరే మాటే గానీ, గుర్రానిది గుర్రప్పిల్ల, గొర్రెది గొర్రెపిల్ల. ప్రశ్నను మక్కికి మక్కి అనువదిస్తే జవాబు ప్రశ్నలోనే బయటపడి ఊహకు పని లేకుండా పోతుంది. కోత, ఏరడం, దులపడం, తవ్వడం అని ఒక్కో పంటకు ఒక్కో క్రియ వాడే భాష మనది. పూలకు మూర, కొత్తిమీరకు కట్ట, కరివేపాకుకు రెమ్మ, గడ్డికి మోపు అని కొలత మాటలు వేరువేరుగా ఉన్న భాష. ఇందులోంచి ప్రశ్నలు తీసేవాళ్లు ఉంటే పల్లెటూరి పిల్ల ఎవరికీ తీసిపోదు. మాటల ప్రశ్న భాష మారినప్పుడు అనువాదం కావడానికి వీల్లేదు. ఆ భాషలో మళ్లీ పుట్టాలి. పరీక్షాపత్రాలు తయారుచేసేవాళ్లు పట్టించుకోవాల్సిన సంగతి ఇది.

చుట్టరికాల ప్రశ్నల్లో ఈ చిక్కు ఇంకా బాగా కనిపిస్తుంది. మన పుస్తకాల్లో ఈ అధ్యాయం పేరు రక్తసంబంధాలు. ఇంగ్లిషులో ‘అంకుల్’ అన్న ఒక్క మాటలో పెదనాన్న, బాబాయి, మేనమామ అందరూ ఒదిగిపోతారు కాబట్టి అక్కడ ప్రశ్న కష్టమవుతుంది. తెలుగు పిల్లకు ‘మేనమామ’ అనగానే అమ్మ తోడబుట్టినవాడని తెలిసిపోతుంది. లెక్కలో రెండు మెట్లు ఒక్కసారే దాటేస్తుంది. కానీ ‘అత్త’ అంటే? నాన్న అక్కచెల్లెళ్లూ అత్తలే, మామయ్య భార్యా అత్తే, పెళ్లయ్యాక భర్త తల్లీ అత్తే. మేనరికాలు ఉన్న సమాజంలో ఈ ముగ్గురూ ఒక్కరే కావచ్చు కాబట్టి భాష ఒక్క మాటతో సరిపెట్టుకుంది. పెదనాన్న కొడుకును మనం అన్న అనే పిలుస్తాం. పరీక్షలో అన్న అంటే ఒకే తల్లిదండ్రుల బిడ్డ. ఇంట్లో వాడే మాటకూ ప్రశ్నలో వాడే మాటకూ ఉన్న ఈ తేడా ముందుగా విడమరిచి చెప్పకుండా పిల్లను తప్పు పట్టడం న్యాయం కాదు. పెళ్లిలో పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి తెచ్చేది ఎవరు, వాళ్లను ఈమె ఏమని పిలుస్తోంది, ఎందుకలా పిలుస్తోంది అని ఒక గంట గమనించిన పిల్లకు ఆ అధ్యాయం సగం వచ్చేసినట్టే.

కోడింగ్ సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. తెలుగు మీడియం పుస్తకాల్లో కూడా ఈ ప్రశ్నలు ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాలతోనే ఉంటాయి. మనకు మాత్రం కటపయాది అనే పాత పద్ధతి ఉంది. క, ట, ప, య నాలుగూ ఒకటితో మొదలై వరసగా అంకెలవుతాయి. వచ్చిన అంకెలను తిరగేసి చదవాలి. ధీరశంకరాభరణం అనే రాగం పేరులో ‘ధీ’ తొమ్మిది, ‘ర’ రెండు. తిరగేస్తే 29, మేళకర్త రాగాల వరసలో దాని సంఖ్య. మేచకల్యాణి 65. సంగీతం నేర్చుకునే పిల్లలు కోడింగ్ అని తెలియకుండానే రాగాల పేర్లతో ఈ పని చేస్తున్నారు.

ఇక అపోహ. ఈ మాట చరిత్ర తెలుగునేలతో కలిసి ఉంది. అయిదు, ఆరు శతాబ్దాల మధ్య జీవించిన బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు మాటకు అర్థం ఎలా ఏర్పడుతుందన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబే అపోహ. ‘ఆవు’ అనే మాట లోకంలోని ఆవులన్నిటినీ మన ముందు నిలబెట్టలేదు. అది చేసేదల్లా ఆవు కానివాటిని తొలగించడం. గుర్రం కాదు, గేదె కాదు, బండ కాదు అని తీసేయగా మిగిలినదే మాటకు అర్థం. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ఆంధ్రదేశ రాజధాని దగ్గరి ఒక ఒంటరి కొండ మీద దిఙ్నాగుడు హేతువిద్యాశాస్త్రం రచించాడని రాశాడు. ఆ రాజధానిని ఏలూరు దగ్గరి పెదవేగి అని చరిత్రకారులు గుర్తిస్తారు. మాటలను తొలగింపుతో అర్థం చేసుకోవచ్చన్న మనిషి ఆ కొల్లేటి గాలి పీల్చాడని తలుచుకుంటే, నాలుగు మాటలిచ్చి ఒకటి తీసేయమనే చిన్న ప్రశ్న మీద కూడా నాకు గౌరవం కలుగుతుంది.

ఆ చిన్న ప్రశ్న నిజానికి చిన్నది కాదు. మా తమ్ముడి కూతురు ఈ పరీక్షకే చదువుతోంది. ఒకరోజు “వరి, జొన్న, సజ్జ, కంది” అన్న నాలుగింట్లో వరి తీసేసింది. పుస్తకం వెనక జవాబు కంది. మిగతా మూడూ తృణధాన్యాలు, కంది పప్పుధాన్యం. పిల్ల ఒప్పుకోలేదు. “అదేంటత్తా, వరికి ఒక్కదానికే కదా మడిలో నీళ్లు నిలబెడతారు? మిగతా మూడూ మెట్టలో వేస్తారుగా?” అంది. పిల్ల చెప్పినది పూర్తిగా నిజం. జొన్న, సజ్జ, కంది మెట్ట పంటలు. వరి మాగాణి పంట. ఆమె సమూహం కట్టింది, ఆ సమూహానికి ఒక లక్షణం చెప్పింది, ఆ లక్షణం లేనిదాన్ని తొలగించింది. ఊహా అపోహా రెండూ నిర్దోషంగా జరిగాయి. దోషం ప్రశ్నలో ఉంది. రెండు గట్టి సమూహాలకు చోటిచ్చే నాలుగు మాటలు ఎంచుకున్నవారిది తప్పు.

కానీ ఓఎమ్మార్ పత్రం కారణం వినదు. అందుకే పిల్లకు రెండు సంగతులూ చెప్పాలి. నీ కారణం సరైనది, అది మొదటి సంగతి. ప్రశ్న అడిగినవారు ఏ సమూహాన్ని తలుచుకుని ఉంటారో చూడు, అది రెండోది. బడి పుస్తకంలో పంటల పాఠం ఏ వరసలో విభజించారు? ధాన్యాలు, పప్పులు, నూనెగింజలు అని. ప్రశ్న ఆ పుస్తకం నుంచి వచ్చింది, పొలం నుంచి కాదు. ఎదుటివారి మనసులోని సమూహాన్ని పట్టుకోవడం కూడా ఊహే. అంతేగానీ “నువ్వు తప్పు, కీ కరెక్టు” అని కొట్టిపారేస్తే ఆ పిల్ల తర్వాతి ప్రశ్నకు కారణం వెతకడం మానేస్తుంది. కీ ఏమనుకుంటుందో అని భయపడుతుంది. అక్కడి నుంచే మొదటి రకం ఊహ పోయి రెండో రకం ఊహించడం మొదలవుతుంది.

ఈ మాటలకు మన భాషలో ఏం జరిగిందో చూస్తే బాధగా ఉంటుంది. అపోహ అంటే ఇవాళ తప్పుడు అభిప్రాయం. వ్యాక్సిన్ మీద అపోహలు, రక్తదానం మీద అపోహలు, వాటిని తొలగించడానికి అవగాహన సదస్సులు. తొలగించడం అనే అర్థం ఉన్న మాట తొలగించాల్సిన వస్తువైపోయింది. ఊహాపోహలు అంటే పుకార్లు. మంత్రివర్గ విస్తరణ మీద ఊహాపోహలు, హీరో పెళ్లి మీద ఊహాపోహలు. ఒకప్పుడు ఊహాపోహ అంటే తగినదాన్ని చేర్చుకుంటూ తగనిదాన్ని తోసేస్తూ ఒక నిర్ణయానికి రావడం. పండితుల చర్చకు పెట్టిన పేరు. ఊహాగానం మరీ ఘోరం. మాటల అర్థాలు మారడం సహజమేనని నాకూ తెలుసు. కానీ జాగ్రత్తగా ఆలోచించడానికి ఉన్న మాటలన్నీ ఆధారం లేని మాటలకు పేర్లుగా మారిపోయినప్పుడు, జాగ్రత్తగా ఆలోచించమని పిల్లకు చెప్పడానికి మన దగ్గర ఏం మిగిలింది? ‘రీజనింగ్’ మిగిలింది. అందుకే అది ఇంట్లోది కాదనీ, ఫీజు కట్టి నేర్చుకోవాల్సిన పరాయి విద్య అనీ తల్లిదండ్రులకు అనిపిస్తోంది. ఒక్క “ఊహ తెలియడం”లో మాత్రం పాత అర్థం చెక్కుచెదరలేదు. దాన్ని కాపాడినవాళ్లు పండితులు కారు, పసిబిడ్డలను ఎత్తుకుని మాట్లాడుకునే అమ్మమ్మలు.

ఇక ఆ ‘రీజనింగ్’ సంగతి. వెర్బల్ రీజనింగ్ అనే పేరుతో బడి ప్రవేశపరీక్షలు బాగా వేళ్లూనుకున్న దేశం ఇంగ్లండ్. 1921లో గాడ్‌ఫ్రీ థామ్సన్ అనే విద్యావేత్త నార్తంబర్లండ్ కౌంటీ కోసం ఒక మానసిక పరీక్ష తయారుచేశాడు. అప్పట్లో మారుమూల పల్లె బడుల నుంచి సెకండరీ స్కూళ్లలోని ఉచిత సీట్లకు పిల్లలు అంతగా రావడం లేదు. వాళ్లలో తెలివైనవాళ్లను వెతకడం ఆయన ఉద్దేశం. 1925 తర్వాత ఎడిన్‌బరోలో మోరే హౌస్ నుంచి ఆయన ఆధ్వర్యంలో ఈ పరీక్షలు వరసగా వచ్చాయి. 1944 విద్యా చట్టం తర్వాత పదకొండేళ్ల పిల్లలను గ్రామర్ స్కూళ్లకు ఎంచే ‘ఎలెవెన్ ప్లస్’లో ఇవి స్థిరపడ్డాయి. ఇప్పుడు ఇంగ్లండ్‌లో 163 గ్రామర్ స్కూళ్లు మిగిలాయి. స్లౌ, రెడింగ్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో నాలుగో తరగతి నుంచే ఈ అభ్యాసం మొదలవుతుంది. పల్లె పిల్లలను వెతకాలన్న తపన మనకూ ఉంది. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకులం, ఆ తర్వాత కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే కేటాయించిన నవోదయ విద్యాలయాలు అలా పుట్టినవే. నవోదయ పరీక్షలో మానసిక సామర్థ్యం ప్రశ్నలన్నీ బొమ్మలతోనే ఉంటాయి, మాటలు ఉండవు. ఇంట్లో పుస్తకాలు లేని పిల్లకు మాటల ప్రశ్న అన్యాయం చేస్తుందన్న భయం అందులో ఉందనుకోవచ్చు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ పల్లె పిల్లకు మాటలు లేవని అనుకోవడం సరికాదు. ఆమెకు ఉన్న మాటలు ప్రశ్నాపత్రంలో లేవు, అంతే.

అభ్యాసం గురించి ఇంగ్లండ్‌లో 1950లలోనే ఒక సంగతి తేలింది. ప్రశ్నల తీరు పరిచయం కావడం వల్ల మార్కులు కొంత పెరుగుతాయి. కొన్ని పేపర్లయ్యాక ఆ పెరుగుదల ఆగిపోతుంది. ఆ పైన పెరగాలంటే పెరగాల్సింది పిల్ల దగ్గరున్న భాషే. ఇందుకు పాత ఆధారం కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉంది. విద్య ఎలాంటి బుద్ధిని తీర్చిదిద్దగలదో చెబుతూ ఆయన ఎనిమిది గుణాలను ఒక వరసలో పెట్టాడు: శుశ్రూష, శ్రవణం, గ్రహణం, ధారణ, విజ్ఞానం, ఊహ, అపోహ, తత్త్వాభినివేశం. శుశ్రూష అంటే ఇవాళ రోగికి చేసే సేవ. అసలు అర్థం వినాలన్న కోరిక. వినాలనిపించడం, వినడం, పట్టుకోవడం, నిలుపుకోవడం, తెలుసుకోవడం అయ్యాకే ఊహ, ఆ తర్వాతే అపోహ. ఊహ స్థానం ఆరోది. మన కోచింగ్ మొదటి అయిదింటినీ వదిలేసి పిల్లను నేరుగా ఆరోదాని ముందు కూర్చోబెడుతోంది. ఎప్పుడూ వినని మాటల మధ్య సంబంధం కనిపెట్టమంటోంది. అది చేతకానప్పుడు ట్రిక్కులు నేర్పుతోంది. ట్రిక్కు అంటే సంబంధం తెలియకుండా జవాబు పట్టుకునే దారి.

పదిహేడో శతాబ్దంలో ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహం రాశాడు. బాలురు సుఖంగా తెలుసుకోవాలని రాస్తున్నట్టు తానే చెప్పుకున్నాడు. దేశమంతటా సంస్కృత విద్యార్థులు ఇప్పటికీ తర్కం మొదలుపెట్టేది ఆ పుస్తకంతోనే. అక్కడ బాలుడు అంటే ఎవరని వ్యాఖ్యాతలు ప్రశ్న వేసుకున్నారు. పాలు తాగే పిల్లవాడు కాదు. వ్యాకరణం, కావ్యం, కోశం చదివినవాడు, న్యాయం మాత్రం ఇంకా చదవనివాడు అని జవాబు చెప్పారు. కథలూ పద్యాలూ విని, మాటలు పోగుచేసుకుని, వాక్యం ఎలా నిలబడుతుందో తెలుసుకున్న పిల్లే తర్కానికి బాలుడు. సైనిక్ స్కూలు పరీక్ష రాసే పదేళ్ల పిల్లకు కావ్యాలు అక్కర్లేదు. కానీ రోజుకు ఒక కథ చదివి వినిపించే గొంతు కావాలి. కొత్త మాట వచ్చినప్పుడు “అంటే ఏంటి?” అని అడిగితే ఆగి చెప్పే ఓపిక పెద్దవాళ్లకు కావాలి. సంతకు వెంట తీసుకెళ్లి గెల, హస్తం, గుత్తి, మూర అని వినిపించాలి. ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగు పిల్లకైనా ఇదే మాట. సంబంధాన్ని వాక్యంగా చెప్పడం ఒక భాషలో చేతనైతే ఇంకో భాషలోకి ఆ పట్టు తనంతట తానే వస్తుంది. పరీక్ష ఇంగ్లిషులో ఉందని ఇంట్లో తెలుగు మానేయడం ఆ పిల్ల ఊహకు ఉన్న రెండు కాళ్లలో ఒకదాన్ని కట్టేయడమే.

అమరసింహుడు ఊహ పక్కన పెట్టిన అధ్యాహారం మిగిలింది. వాక్యంలో లేని మాటను అర్థాన్ని బట్టి తెచ్చి పూరించుకోవడం అధ్యాహారం. ఖాళీలు పూరించే ప్రశ్నలకు ఇంతకంటే మంచి పేరు దొరకదు. తెలుగు పిల్లలు దీనిలో పుట్టుకతో ఆరితేరినవాళ్లు, ఎందుకంటే మన సంభాషణ సగం అధ్యాహారంతోనే నడుస్తుంది. బడి నుంచి వచ్చిన పిల్లను చూసి అమ్మ “అన్నం?” అంటే తింటావా అని. రాత్రి పదింటికి వచ్చిన నాన్నను చూసి “అన్నం?” అంటే తిని వచ్చావా అని. నాన్న వంటింట్లోకి తొంగిచూసి అదే మాట అంటే వండారా అని. క్రియ ఎక్కడా లేదు. ఎవరూ తడబడరు. ఎవరు, ఎప్పుడు, ఎవరితో అన్న మూడింటిని బట్టి లేని మాట దానంతట అదే వచ్చి కూర్చుంటుంది.

ఖాళీల ప్రశ్నలు చేయించేటప్పుడు మా తమ్ముడి కూతురితో నేను చేయిస్తున్నది ఇదే. నాలుగు ఐచ్ఛికాల మీద అట్ట పెడతాను. వాక్యం పైకి చదివి, అమ్మ “అన్నం?” అన్నప్పుడు తట్టినట్టు, ఆ ఖాళీలోకి తనకు తోచిన మాట చెప్పమంటాను. చెప్పాక ఎందుకో చెప్పమంటాను. అప్పుడు అట్ట తీస్తాను. తను చెప్పిన మాట అక్కడ ఉండకపోవచ్చు. దానికి దగ్గరి మాట ఏదో ఒకటి ఉంటుంది. నిన్న ఒక వాక్యంలో “ఎండకు చెరువు ___” అని ఉంది. ‘ఇంకిపోయింది’ అంది. అట్ట కింద ఉన్నది ‘ఎండిపోయింది’. రెండింటికీ తేడా ఏమిటని ఆమే అడిగింది. ఇంకడం కిందికి, ఎండడం పైకి అని చెప్పాను. “అయితే ఎండకు కాబట్టి ఎండిపోవడమే రైటు, వాన ఆగితే మాత్రం ఇంకిపోవచ్చు” అని బబుల్ నింపింది.